హైమ మరక

1

హైమ పోయిన రోజు గురించి ముందుగా రాసేస్తాను.

పొద్దున్నే మెలకువ వచ్చి కిటికీ తెరవమంది. తెరిచాను. ఆటు సమయం. గట్టు అవతల సముద్రం వెనక్కి తగ్గి బురద కనిపిస్తోంది. "వాసన రానీ" అంది. రెండు చెంచాల గంజి తాగింది. మూడోది వద్దంది. మంచం పక్కన ఊపిరి మిషను ఆడుతూనే ఉంది.

కాసేపటికి జోగారావు వచ్చాడు. గట్టు ఆఫీసులో శిక్షణ సంగతులు చూసేది అతనే. హైమ దగ్గర పంపు వినడం నేర్చుకున్నవాళ్లను ఆరుగురిని వెంటబెట్టుకొచ్చాడు. చెప్పులు బయట విడిచి గోడవారన వరసగా నిలబడ్డారు. గదిలో మిషను మోటారు చప్పుడొక్కటే మిగిలింది. ఆ చప్పుడుకి ఆరుగురి తలలూ ఒకేసారి ఎడమ పక్కకి ఒరిగాయి. ఎడమ కళ్లు మూతపడ్డాయి. ఆరుగురూ ఊపిరి బిగబట్టి, ఎడమ చెయ్యి డొక్క మీద అదిమిపెట్టి, అలాగే నిలబడిపోయారు. పంపు దగ్గర హైమ నిలబడే తీరు అది.

హైమ వాళ్లను చాలాసేపు చూసింది. నా వైపు తిరిగి, "వాళ్లకెక్కడ నొప్పి?" అంది.

"నొప్పేం లేదు. నీ దగ్గర నేర్చుకున్నారుగా" అన్నాను.

నవ్వబోయింది. దగ్గు వచ్చింది. జోగారావు కళ్లు తుడుచుకున్నాడు. ఆరుగురిలో చిన్నది మెర్సీ. ముందుకొచ్చి మిషను మీద చెయ్యి ఆన్చి, "పిన్నీ, దీని బేరింగు పోతోంది. మార్పించమని చెప్తాలే" అంది.

"నేను నిన్ననే చెప్పానే మీ బాబాయ్‌కి. ఆయనకి వినపడితేగా" అంది హైమ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మధ్యాహ్నం పోటు మొదలైంది. గట్టు పంపులు అందుకున్నాయి. ఆ వేళకి ఇల్లంతా కొద్దిగా అదురుతుంది. ఆ అదురులో ఆమె ఊపిరి ఎప్పుడు ఆగిందో నాకు తెలియలేదు. చెయ్యి నా చేతిలోనే ఉంది. వేళ్లు చల్లబడ్డాక తెలిసింది. మిషను ఇంకా ఆడుతోంది. లేచి ఆపాను.

2

పనిలోకి వెళ్లాను. నాది సముద్రమట్టం చూసే పని. గట్టు పొడుగునా కొలబద్దలు పాతి ఉంటాయి. నడుచుకుంటూ వెళ్లి, నీరు ఎంతవరకు ఎక్కిందో చూసి ఆఫీసుకి చెప్పాలి. నిజానికి మనిషి అక్కర్లేని పని. గట్టు మీద రోజూ ఒక మనిషి నడవాలని పాత నియమం ఒకటి మిగిలిపోయింది. అందువల్ల నేనూ మిగిలాను.

మా ఊరు సముద్రం కన్నా పల్లంలో ఉంది. పంపులు నీటిని తోడి అవతల పోసినంత కాలమే ఊరు ఉంటుంది. పంపు వినేవాళ్లు ఇనప చువ్వ ఒక కొనను పంపు మీద, రెండో కొనను చెవి వెనక ఎముక మీద ఆన్చి వింటారు. ఏ బేరింగు ఇంకెన్నాళ్లు ఆగుతుందో చెబుతారు. ఆ పని చేసే యంత్రాలూ ఉన్నాయి. ఉప్పుగాలికి పంపుల కన్నా ముందు అవి చెడిపోతాయి.

ఇవాళ నాలుగో పంపు దగ్గర ఒక భారీ మనిషి వింటున్నాడు. బుర్రమీసాలు. వినడం అయ్యాక చువ్వ దించి, కుడిచేత్తో భుజం మీది నుంచి దేన్నో లాక్కుని దాంతో చువ్వ కొన తుడిచాడు. అతని భుజం మీద ఏమీ లేదు. లేని పైటతో చువ్వ తుడుచుకుని, లేని పైటను మళ్లీ సర్దుకుని వెళ్లిపోయాడు.

ఐదో పంపు దగ్గర కుర్రవాడొకడు చువ్వ ఆన్చి, పంపుతో మెల్లిగా, "చెప్పవే" అన్నాడు. చివర కొంచెం సాగదీసి. హైమ అలాగే సాగదీసేది. విసుగూ బుజ్జగింపూ రెండూ ఉండేవి అందులో.

గట్టు మీద ఇలాంటివాళ్లు ఆరువందల మంది దాకా ఉన్నారట. ఇంటికొచ్చేసరికి ఆకలి వేసింది. ఆమె పోయాక అదే మొదటిసారి.

3

గట్టు కింద టీ కొట్టు నడిపే ఆయన పోయినేడు వడ్రంగి. అంతకు ముందు పళ్ల డాక్టరు. టీ బాగా పెడతాడు. ఇవాళ నాతో మాట కలిపాడు.

"అన్నగారూ, మీరు కాలేజీలో కూర్చుని చదివారంటగా. నాలుగేళ్లా?"

"నాలుగేళ్లు."

"ఒకటే చదువా?"

"ఒకటే."

"అయ్యయ్యో" అన్నాడు. నిజంగానే జాలిపడ్డాడు. చక్కెర ఇంకో చెంచా వేశాడు.

ఇప్పుడు ఎవరూ అలా చదవరు. మెత్తన వేయించుకుంటారు. ఒక మందు, తల మీద ఒక పట్టీ. మూడు వారాలపాటు మెదడు చంటిపిల్లల మెదడులా మెత్తగా ఉంటుంది. ఆ మూడు వారాల్లో చూసింది చూసినట్టు దిగిపోతుంది. పదేళ్ల పనితనం నెల తిరక్కుండా చేతికొస్తుంది. చిక్కు ఒకటే. ఏది పనో, ఏది నేర్పేవాడి అలవాటో చంటిపిల్లలకి తెలియదు. నేర్పేవాడు మాటిమాటికీ ముక్కు గోక్కుంటే అది కూడా దిగిపోతుంది. దాన్ని మరక అంటారు. అందుకే నేర్చుకునేవాళ్ల పక్కన ఇంటిమనిషి ఒకరు కూర్చుంటారు. మరక బయటపడబోతుండగా మణికట్టు మీద రెండు వేళ్లతో తడతారు. ఆ కదలిక అక్కడితో తెగిపోతుంది, అంటుకోదు. ఇక్కడ పెళ్లిచూపుల్లో కూడా అడుగుతారు, తట్టడం వచ్చా అని.

హైమ పనిని ఏడాదిపాటు ఒంటితొడుగులో రికార్డు చేశారు. ఆ తొడుగు వేసుకుంటే ఆమె చెయ్యి కదిలినట్టు నేర్చుకునేవాళ్ల చెయ్యి కదులుతుంది. ఆ ఆరువందల మంది అలా నేర్చుకున్నారు. వాళ్లలో ఎవరూ తట్టనివ్వలేదు. హైమావతి గారిలా నిలబడితేనే ఆ చెవి వస్తుందని నమ్మారు. మెర్సీ వాళ్లమ్మ కాంతమ్మ అలవాటు కొద్దీ తట్టబోతే, మెర్సీ ఆ చెయ్యి పట్టుకుని, "పిన్నిని తడతావా అమ్మా" అని కోప్పడిందట.

హైమకి పని నేర్పినవాడు అబ్బులు మేస్త్రి. ఊపిరి బిగబట్టి డొక్క అదుముకోవడం ఆయన నుంచి వచ్చిందేనని ఊరంతా అనేది. హైమ మొదటిసారి నొప్పి అని చెప్పినప్పుడు గట్టు ఆస్పత్రి డాక్టరు తలెత్తకుండానే, "మేస్త్రి మరకమ్మా. చెయ్యి రోజూ అక్కడికి వెళితే అక్కడ నొప్పి ఉందనిపిస్తుంది" అన్నాడు. హైమ ఇంటికొచ్చి చచ్చిపోయిన మేస్త్రిని నాలుగు తిట్టి పనిలోకి వెళ్లింది. నేనూ నమ్మాను. ఎక్స్‌రే ఫిల్ము తీసేనాటికి ఊపిరితిత్తిలో సగం లేదు.

4

జోగారావు వచ్చాడు. చేతిలో అరటిపళ్లు.

"కోదండం గారూ, మీకో మంచిమాట చెప్పాలని వచ్చాను. కోస్తా పొడుగునా గట్లన్నిటికీ ఇక మన హైమావతి గారి పద్ధతే. పైనుంచి ఒప్పుకున్నారు. తట్టడాలూ అవీ ఏం ఉండవు. ఆవిడ ఎలా చేశారో అలాగే. ఒక్క మరక కూడా పోనివ్వం."

"అన్ని మరకలూ ఎందుకండీ?"

"ఏది పనికొచ్చేదో, ఏది కాదో మనకేం తెలుసు? ఆవిడ చెయ్యి మంచిది." గొంతు తగ్గించాడు. "పైగా మీకూ బాగుంటుంది కదా. ఎటు చూసినా ఆవిడే."

అరటిపళ్లు బల్ల మీద పెట్టి వెళ్లాడు.

అతనన్నది నిజం. నాకు బాగానే ఉంది. ఈ మధ్య చుట్టుదారిన నడుస్తున్నాను. కొలబద్దలు లేని వైపు కూడా వెళుతున్నాను, అక్కడ పంపులున్నాయి కాబట్టి. అందరికన్నా మెర్సీ బాగా చేస్తుంది. తల ఒరిగే తీరు, చువ్వ దించాక పెదవి విరిచే తీరు. దూరం నుంచి చూస్తే మోసపోవచ్చు. నేను దూరం నుంచే చూస్తాను.

5

సాయంత్రం మెర్సీ చేపల పులుసు తెచ్చింది. నేను తినేదాకా కదలనని ఎదురుగా కూర్చుంది.

"మా అమ్మ చేసింది బాబాయ్. ఉప్పెక్కువైతే నన్ననకు."

"మీ అమ్మ ఇప్పుడేం చేస్తోంది?"

"కుట్టుపని నేర్చుకుంటోంది. నేర్పే ఆయనకి కన్ను కొట్టే అలవాటుందంట. ఈవిడ పక్కన తట్టడానికి మా నాన్న కూర్చున్నాడు. ఆయనేమో నిద్దరోయాడు. ఇప్పుడు మా అమ్మ కూరగాయలాయనకి కన్ను కొడతాంది."

చాలా రోజుల తరవాత గట్టిగా నవ్వాను. అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ ఆగింది. ఆటు సమయం కాబట్టి గట్టు పంపులూ ఆడటం లేదు. ఇంట్లో ఎక్కడా చప్పుడు లేదు.

మెర్సీ గిన్నె తీసుకుని లేచింది. రెండడుగులు వేసి కిటికీ దగ్గర ఆగింది. ఊపిరి బిగబట్టింది. ఎడమ చెయ్యి డొక్క మీదికి వెళ్లింది. కాసేపు అలాగే నిలబడి, తరవాత మెల్లిగా ఊపిరి వదిలింది.

"ఏమైంది?" అన్నాను.

"ఏముంది? పిన్ని మరక."

"ఇక్కడ మోటారు ఏదీ ఆడటం లేదుగా."

"అదేంటో బాబాయ్, ఈ మధ్య ఎక్కడపడితే అక్కడ వచ్చేస్తాంది. ఫాదర్ ప్రార్థన చేస్తుంటే కూడా వచ్చింది. ఆయనేదో భక్తి అనుకున్నాడు."

నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

6

ఇవాళ చాలాసేపు ఎవరికీ ఏమీ చెప్పలేదు. చుట్టుదారిన నడిచాను. బుర్రమీసాలాయన మళ్లీ పైట సర్దుకున్నాడు. మెర్సీది మరకే అయి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను.

కాదని నాకు తెలుసు. మరక పనితోపాటే వస్తుంది. మోటారు వినపడితేనే చెయ్యి డొక్క మీదికి వెళుతుంది, చప్పుడు ఆగితే దిగిపోతుంది. హైమకి మొదట్లో అలాగే ఉండేది. చివరి ఏడాది వంకాయలు తరుగుతూ కూడా ఆగిపోయేది. ఇస్తరాకు ముందు కూర్చుని ఆగిపోయేది. ఎవరమూ తేడా పట్టుకోలేదు. పట్టుకోవలసినంత తేడా ఉందని మాకు తెలియదు.

మెర్సీ సంగతి చెబితే తరవాత ఏం జరుగుతుందో కూడా ఊహించగలను, హైమ మరకని అందరికీ తట్టి తీసేస్తారు. అందుకే చెప్పకుండా నడిచాను.

రేవు మలుపు దగ్గర కాంతమ్మ ఎదురైంది. "అన్నయ్యా, మా పిల్ల మీ ఇంట్లో పులుసు తిన్నాదా? ఇంట్లో ముద్ద ముట్టటం లేదు" అంది. తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. నాకు వడ్డించి తను కూర్చుంది అంతే.

"రేపు దాన్ని నాతో ఆస్పత్రికి పంపు" అన్నాను.

7

గట్టు ఆస్పత్రి బల్లల మీద పంపు వినేవాళ్లు కొందరు ఉన్నారు. ఒకతను వేలు తెగి వచ్చాడు, ఒకామె కడుపుతో ఉంది. మేం కూర్చున్న కాసేపటికి నేల కింద నీళ్ల మోటారు మొదలైంది. బల్ల మీది తలలన్నీ ఎడమకి ఒరిగాయి. కడుపుతో ఉన్నామె కూడా ఊపిరి బిగబట్టింది. నర్సు అలవాటుగా వాళ్లను దాటుకుని పోయింది.

డాక్టరు ఆయనే, హైమని చూసినాయన. మెర్సీని చూసి నవ్వాడు.

"హైమావతి గారి మరక. ఊళ్లో సగం మందికి ఉంది."

"ఈమెకి మోటారు లేకపోయినా వస్తోంది. తిండి తగ్గింది. ఫిల్ము తీయండి."

"కోదండం గారూ, మీ బాధ నాకర్థమవుతుంది. కానీ డొక్క పట్టుకున్న ప్రతివాళ్లకీ ఫిల్ము తీయాలంటే ఆరువందల మందికి తీయాలి. ఇవాళ బాగుంటే వచ్చే నెల మళ్లీ తీయాలి. అంత ఫిల్ము ఎక్కడుంది? ఈ జబ్బుకి మొదట కనపడేది ఆ నొప్పి ఒక్కటే. ఆ నొప్పి అందరికీ ఉన్నట్టే ఉంటే నేనెవర్ని పట్టుకోను?"

ఆయనకి తెలియకుండానే అసలు మాట చెప్పాడు. 

"ఈమె ఒక్కదానికీ తీయండి. తీసేదాకా ఈ కుర్చీలోంచి లేవను" అన్నాను.

"బాబాయ్, పోనీలే, వెళ్దాం పద" అని మెర్సీ నా చొక్కా లాగింది. ఆయన నా మొహం చూసి చీటీ రాశాడు.

8

ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో మచ్చ. చిన్నది. తొలిదశ. దీనికి మందు ఉంది. ఆరు నెలలు వాడాలి, పంపు గదిలోకి పోకూడదు. పంపులకి పూసే నల్లరంగు వేడెక్కి వచ్చే ఆవిరి వల్ల కావచ్చునని డాక్టరు ఇప్పుడంటున్నాడు. హైమకి కూడా అదే అయి ఉంటుందన్నాడు. మందు అప్పుడూ ఉందా అని అడిగాను. ఉందన్నాడు.

అబ్బులు మేస్త్రి ఎలా పోయాడో వాళ్ల కోడలిని అడిగాను. "దగ్గుతోనేనండీ. ఎప్పుడు చూసినా డొక్క పట్టుకునేవాడు" అంది.

అంటే మేస్త్రిది మరక కాదు, జబ్బు. ఆ జబ్బు మనిషి నిలబడే తీరును హైమ పనితనం అనుకుని నేర్చుకుంది. అది మరకగా ఉండి ఉండి ఏ రోజున నిజమైన నొప్పి అయిందో ఇక ఎవరూ చెప్పలేరు. ఆ నొప్పిని రికార్డు చేసి ఆరువందల మందికి ఇచ్చారు. ఇక కోస్తా అంతటికీ ఇస్తారు.

మెర్సీ ఏడవలేదు. కాంతమ్మ ఏడ్చింది. ఏడుస్తూ ఒకసారి కన్ను కొట్టింది. మెర్సీ నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయింది.

9

గట్టు ఆఫీసుకి వెళ్లాను. జోగారావు కుర్చీ వేయించాడు. అందరికీ మళ్లీ మెత్తన వేసి, పక్కన కూర్చుని తట్టి, డొక్క పట్టుకోవడం పోగొట్టాలని చెప్పాను. అప్పుడు ఎవరు డొక్క పట్టుకుంటే వాళ్లకి నిజంగా నొప్పి ఉన్నట్టు. అప్పుడు డాక్టరు పట్టుకోగలడు.

జోగారావు చాలాసేపు పేపరువెయిటు తిప్పుతూ కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు.

"మెర్సీ సంగతి విన్నాక నాకూ నిద్ర లేదండీ. చేద్దాం. కానీ మీకో సంగతి తెలియాలి. అది ఒక్కటే పోదు."

"ఏది పోదు?"

"ఊపిరి బిగబట్టడం ఒక్కటీ తీసేయడం కుదరదు. అన్నీ కలిసి ముద్దగా దిగాయి. ఊపిరి, కన్ను, తల, ఆ పైట తుడవడం, పంపుతో ఏదో అంటారే, అది. ఒకటి ఉంచితే దాన్ని పట్టుకుని మిగతావన్నీ తిరిగొస్తాయి. అన్నిటినీ తట్టాలి. చెవి మాత్రం మిగులుతుంది, ఆవిడ మిగలరు." నా వైపు చూశాడు. "ఈ మాట అడుగుతున్నది మీరేనా?"

"నేనే."

"ఒకటన్నా ఉంచుకోవాలని మీకు..."

"మెర్సీ వాళ్లమ్మకి మీరు చెబుతారా, ఒకటి ఉంచుకున్నామని?"

అతను తల దించుకున్నాడు. "ఎవరు తడతారు?" అన్నాడు. "ఇళ్లల్లోవాళ్ల వల్ల కాదు. ఊపిరి ఆగాక తట్టి లాభం లేదు. ఆగబోయే ముందు తట్టాలి. ఆవిడ ఎప్పుడు ఏం చేయబోతారో ముందే తెలిసినవాళ్లు కావాలి."

ఊపిరి బిగబట్టే ముందు హైమ కింది పెదవి కొంచెం లోపలికి వెళుతుంది. పైట అందుకునే ముందు మెడ ఒక్కసారి నిటారవుతుంది. పంపుతో మాట్లాడే ముందు కనుబొమ్మల మధ్య ముడి పడుతుంది, ఆ ముడి విడిపోతుండగా మాట వస్తుంది. ఇవేవీ నాకు ఎవరూ నేర్పలేదు. ఆమెతో ఒకే ఇంట్లో ఉంటే ముప్పయ్యేళ్లకి వచ్చాయి. ఏ మెత్తనా లేకుండా.

"నేను తడతాను" అన్నాను.

"ఆరువందల మందినా?"

"నేర్పుతాను. ముందు కొందరిని నేను తడతాను. పక్కన కూర్చుని చూసి మిగతావాళ్లు నేర్చుకుంటారు."

అతను లేచి నిలబడ్డాడు.

10

మొదటి జట్టుకి ఇవాళ మెత్తన వేశారు. పన్నెండు మంది. బుర్రమీసాలాయన ఉన్నాడు. పేరు సింహాద్రి అట. ఇన్నాళ్లూ చూస్తూ పేరు అడగలేదు. సాయంత్రం పంపులు ఆడుతున్న వేళ గట్టు మీద కనపడితే నన్ను ఆపాడు.

"బాబుగారూ, ఒక్క మాట. ఆ తల్లి పోయాక ఆమె మాలో ఉందని మేం చెప్పుకునేవాళ్లం. మా ఇంటిది కూడా అంటది, 'నువ్వు చువ్వ పట్టుకుంటే మనిషివే మారిపోతావు, పద్ధతిగా ఉంటావు' అని. రేపట్నుంచి మళ్లీ మామూలు సింహాద్రినే."

"చెవి ఉంటుంది" అన్నాను.

"చెవి సరేలెండి." కాసేపు సముద్రం వైపు చూశాడు. "మీకు కష్టం కాదా?"

అతను వెళుతూ నమస్కారం పెట్టాడు. చేతులు కలిపే ముందు భుజం మీద లేనిదాన్ని సర్దుకున్నాడు. అంతకు ముందే మెడ నిటారైంది. చూశాను. ఇవాళ తట్టలేదు.

రేపు పొద్దున పోటు మొదలవకముందే నాలుగో పంపు గదికి వెళతాను. సింహాద్రి ఎడమ పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుంటాను. పంపు ఆడటం మొదలయ్యాక అతని మొహం మీద హైమ రావడం కనిపించిన ప్రతిసారీ, వచ్చేలోపల, మణికట్టు మీద తడతాను.